మించి పోరాదు

మునేశ్వరి బండిని ఆపిన మనిషి దగ్గర రెండు వస్తువులున్నాయి. ఒకటి ఈల. రెండోది అచ్చ తెలుగులో వచ్చిన ఒక ఉత్తర్వు. ఈల వల్ల ఎవరికీ ప్రాణాపాయం లేదు.

"ఎక్కడికమ్మా అంత స్పీడుగా పోతున్నావ్?" అన్నాడు బ్రేకు ఇన్‌స్పెక్టరు పరంధామయ్య.

"పోతున్నావ్ అనకండి సార్, మీకు దణ్ణం పెడతాను. బండిలో పిల్లలున్నాయి" అంది మునేశ్వరి.

పరంధామయ్య కంగారుగా బండి వెనక్కి చూశాడు. "ఎవరి పిల్లలు? స్కూలు పర్మిట్టుందా?"

"రొయ్య పిల్లలండి."

సముద్రపు ఒడ్డున హేచరీలో పుట్టిన రొయ్య పిల్లల్ని నీళ్ళూ ఆక్సిజనూ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, మధ్య మధ్య ఐసు సీసాలు పేర్చి, చినగొల్లలంక చెరువులకు చేర్చడం మునేశ్వరి పని. నూట అరవై కిలోమీటర్లు. నాలుగు గంటల్లో చేరుతుంది. ఎనిమిది గంటలు దాటిందంటే సంచిలో గాలి అయిపోయి పిల్లలు చచ్చిపోవడం మొదలుపెడతాయి. ఈ పిల్లల్నే సీడు అంటారు. సీడు బండ్ల వాళ్ళు చచ్చిపోయాయి అనరు. 'పోయాయి' అంటారు. అందుకే లోడు ఎక్కాక 'పోతున్నాం' అనే మాట ఎవరి నోటా రాదు, రానివ్వరు. హేచరీ గేటు దాటేటప్పుడూ 'వస్తున్నాం', దారిలో టీ తాగి లేచేటప్పుడూ 'వస్తున్నాం', చెరువు గట్టు ఎక్కేటప్పుడూ 'వస్తున్నాం'.

పరంధామయ్యకు ఈ సంగతులు అక్కర్లేదు. ఆయన బండి చుట్టూ తిరిగొచ్చి, తలుపు మీద అచ్చువేసిన పేరు చదివాడు.

"గువ్వ పదహారు. అవునా?"

"అవునండి."

"నువ్వు యాభైలో వచ్చావు. అంటే ముప్పై నాలుగు ఎక్కువ."

మునేశ్వరికి అర్థం కాలేదు. పరంధామయ్య కళ్ళజోడు సర్దుకుని, చేతిలో కాగితాన్ని పురాణం చదివినట్టు చదివాడు. "ఏ వాహనమూ తన మీద రాసి ఉన్న మోడల్ అంకెను మించి పోరాదు."

"సార్, పదహారంటే బరువండి! బండీ లోడూ కలిపి పదహారు క్వింటాళ్ళు దాటకూడదని కంపెనీ వాళ్ళు వేసిన అంకె. హంస ముప్పై ఐదు అంటే ముప్పై ఐదు క్వింటాళ్ళు. ఏనుగు నూట అరవై అంటే..."

"ఉత్తర్వులో క్వింటాళ్ళని ఉందా?"

"లేదండి. కిలోమీటర్లని కూడా లేదు గదా!"

"పోరాదు అని ఉంది. పోవడాన్ని దేంతో కొలుస్తారమ్మా? త్రాసుతోనా?"

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన మనిషి ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఆ రోజు మునేశ్వరి గంటకు పదహారు కిలోమీటర్ల వేగంతో ప్రయాణం చేసింది. దారి పొడుగునా చెక్‌పోస్టులు, ప్రతి చెక్‌పోస్టులో ఒక కెమెరా. ముందు సైకిళ్ళు ఆమెను దాటాయి. తర్వాత గ్యాసు బండల రిక్షా. తర్వాత గొర్రెల మంద, కాపరి ఫోన్లో మాట్లాడుకుంటూ ఉన్నా కూడా. ఒక అంతిమయాత్ర డప్పులతో పక్కనుంచి వచ్చి ముందుకు సాగిపోయింది. పాడె మోస్తున్న వాళ్ళలో ఒకాయన జాలిగా తల తిప్పి, "ఏమ్మా, బండి చెడిందా?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే ఒక ఏనుగు నూట అరవై, లారీ నిండా కంకరతో, పిడుగులాగా దూసుకుపోయింది. ఎదురు చెక్‌పోస్టులో కానిస్టేబులు దానికి సెల్యూట్ కొట్టాడు.

చినగొల్లలంక చేరేసరికి, బయల్దేరి దాదాపు పది గంటలైంది. సంచి విప్పి చూశారు. అడుగున తెల్లటి పొరలాగా పేరుకుని ఉన్నాయి.

"పోయాయి" అన్నాడు చెరువు రైతు.

హేచరీ యజమాని రాజుగారు మంచివాడే. అయితే మంచివాళ్ళకు కూడా రూళ్ళుంటాయి. "నీకు తెలుసు కదా మునేశ్వరీ. మూడు లోడ్లు పోతే రూటు ఇంకోళ్ళకి ఇచ్చేస్తాను. ఒక ఏనుగు నూట అరవై బండివాడు ఈ రూటు కోసం పొద్దున్నే వచ్చి గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు."

"నూట అరవైలో తోలితే పిల్లలు సంచుల్లో నుజ్జయిపోవాండీ?"

"ఏమో. పోయినా టయానికి చేరతాయి గదా."

ఎనిమిదేళ్ళు పరాయివాళ్ళ బండ్లు తోలి, ఈ సీజనుకే సొంత బండి కొనుక్కుంది మునేశ్వరి. రూటు లేకపోతే సొంత బండి అంటే ఇంటి ముందు నిలబెట్టిన ఇనుము. ఆమె మర్నాడు బయల్దేరి జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్ళింది.

ఉప రవాణా కమిషనర్ విశ్వపతిగారు చాలా మర్యాదస్తుడు. ఎవరినీ కూర్చోమనకుండా గంటసేపు మాట్లాడగలడు.

"సదరు ఉత్తర్వు సమగ్ర అధ్యయనానంతరం, బహుముఖ పరిశీలన గావించి, జారీ చేయబడినది. వాహన తయారీదారుడు తన వాహనం మీద తానే స్వహస్తాలతో ఒక అంకె వేసుకున్నాడు. అది అతని అంతరాత్మ ప్రబోధం. దాన్ని గౌరవించవద్దంటావా?"

"అది బరువండి."

"బరువు విషయంలో ప్రస్తుతం ఏ ఉత్తర్వూ అమలులో లేదు. ఎంతైనా వేసుకోవచ్చు."

మునేశ్వరి బల్ల దగ్గరికి జరిగింది. "అయితే ఆ ఏనుగు బండివాడు మూడొందల క్వింటాళ్ళ కంకర ఎత్తి నూట అరవైలో తోలొచ్చాండీ?"

"తోలొచ్చు కాదు" అన్నాడు విశ్వపతి విచారంగా. "తోలాలి. తోలడం లేదు. అదే మా బాధ." బల్ల మీది కాగితం ఒకటి ఆమె వైపు తిప్పాడు. "గత మాసంలో ఏనుగు వాహనాల సగటు వేగం అరవై. లక్ష్యంలో ముప్పై ఏడున్నర శాతం. రాష్ట్రస్థాయి సమీక్షలో నా పరువేం కావాలి? వెనకబడిన డ్రైవర్లందరికీ సంజాయిషీ నోటీసులు పంపాం. నువ్వు నీ లక్ష్యాన్ని మూడింతలు దాటావు, వాళ్ళు సగం కూడా అందుకోలేదు. ఇద్దరూ కలిసి జిల్లా క్రమశిక్షణను చెరో వైపు లాగుతున్నారు."

బయట వరండాలో సూపరింటెండెంటు లలితకుమారి బఠాణీలు తింటూ అసలు సంగతి చెప్పింది. చెప్పేముందు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆ వాక్యం నేనే రాసిచ్చాను తల్లీ. వంతెన మీద లారీ లోడెక్కువై కూలబడింది చూడు, ఆ తర్వాత. మోడల్ అంకెను మించిపోరాదు. ఒకటే మాట. అంటే ఆ బరువు దాటకూడదని. టైపు చేసిన అతగాడు మధ్యలో స్పేసు కొట్టాడు. మించి. తర్వాత పోరాదు. దాంతో బరువు కాస్తా బయల్దేరి రోడ్డెక్కింది."

"మరి మీరు చెప్పలేదాండీ?"

"చెప్పాను. సంతకమైపోయిందన్నారు."

"అయితే ఆ ఖాళీ తీసెయ్యమనండి మేడమ్. ఎంతసేపండీ!"

లలితకుమారి నోట్లో బఠాణీ ఆగిపోయింది. "ఈ మాట నాతో అన్నావు సరే. కాగితం మీద మాత్రం పెట్టకు."

ఆ మాట వినిపించుకునే ఓపిక మునేశ్వరికి లేదు. గేటు దగ్గర అర్జీలు రాసే గుమాస్తా చెప్పినట్టల్లా అర్జీ రాసి పెట్టెలో వేసేసింది. 'మించి, పోరాదు అను మాటల మధ్య గల ఖాళీని తక్షణమే తొలగించగలరని ప్రార్థన.'

ఖాళీ అన్న మాట కంటబడగానే అర్జీ సిబ్బంది విభాగానికి వెళ్ళిపోయింది. ప్రభుత్వంలో ఖాళీ అంటే ఒకటే అర్థం. ఉద్యోగం. సిబ్బంది విభాగం వాళ్ళు రెండు వారాలు పరిశీలించి, రవాణా శాఖలో 'మించి'కీ 'పోరాదు'కీ మధ్య ఒక మంజూరైన ఖాళీ ఉన్న మాట వాస్తవమేనని ధ్రువీకరించారు. అయితే ఖాళీని తొలగించాలంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఉద్యోగ సంఘాలు ఊరుకోవు. కాబట్టి తొలగించడానికి వీల్లేదు. కావాలంటే భర్తీ చేసుకోవచ్చు.

ఇంతలో జిల్లా తన పని తాను చేసుకుపోయింది. ఎడ్లబండ్లకు మోడల్ అంకె లేదు. అంకె లేకపోతే సున్నా. సున్నాను మించి పోరాదు కాబట్టి ఎక్కడి ఎడ్లబండి అక్కడ ఆగిపోయింది. రోడ్డు మధ్యలో గడ్డి మేస్తూ నిలబడ్డ ఎడ్లను చూసి పరంధామయ్య, "ఈ జిల్లాలో చట్టాన్ని పూర్తిగా పాటిస్తున్నవి ఇవే" అని మెచ్చుకున్నాడు. ఫైరింజను ఏనుగు నూట అరవై మీద కట్టింది. లక్ష్యం అందుకోవాలని డ్రైవరు తొక్కిన తొక్కుడుకు మంట దగ్గరికి బండి చేరింది గానీ నీళ్ళు చేరలేదు. అవి మూడు మలుపుల వెనక ఒక కిళ్ళీ బడ్డీని తడిపాయి. విశ్వపతిగారి కారు పేరులో అంకే లేదు, డీలక్స్ అని మాత్రం ఉంది. ఆయన మూడు రోజులు ఆఫీసుకు నడిచొచ్చాడు. నాలుగో రోజున ఒక ప్రత్యేక ఉత్తర్వు ద్వారా కారుకు 'డీలక్స్ ఎనభై' అని నామకరణం జరిగింది. పురోహితుణ్ణి కూడా పిలిచారు. ఆ కబురు తెలిసి బోర్డులు రాసే పెయింటర్ల దగ్గర జనం క్యూ కట్టారు. గువ్వ పదహారు పక్కన ఒక సున్నా పెట్టించుకోవడానికి ఎంతని బేరాలు. వారం తిరక్కుండానే శాఖ దాన్ని నిషేధించింది. రంగు డబ్బాలతో దొరికినవాళ్ళ మీద అంకెల అక్రమ రవాణా కేసులు పెట్టారు.

మునేశ్వరి సున్నా జోలికి పోలేదు. సంచుల్లో ఆక్సిజను ఎక్కువ పట్టించింది. ఐసు రెట్టింపు వేసింది. తెల్లారకముందే బయల్దేరింది. కొన్ని లోడ్లు సగం పైగా బతికి చేరాయి. ఒకసారి మాత్రం సున్నా వేగంతో ఆగి ఉన్న ఎడ్లబండ్ల వెనక మూడు గంటలు ఇరుక్కుపోయింది. ఆ లోడు పోయింది. అది రెండోది.

"ఇంకొకటే" అన్నాడు రాజుగారు. గేటు దగ్గర ఏనుగు బండివాడు టీ తాగుతూ ఆమెకు చెయ్యూపాడు.

ఆ వారమే ఖాళీ భర్తీ అయింది. అభ్యర్థి పేరు కామేశం. పోటీ పరీక్షలో మొదటి ర్యాంకు. నియామక పత్రంలో అతని విధి ఒకే ముక్కలో ఉంది. 'మించి, పోరాదు పదముల మధ్య గల స్థానమును నిండుగా ఉంచుట.' అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని శాఖ బాగా ఆలోచించింది. పెద్ద చెక్‌పోస్టు దగ్గర ఉత్తర్వును ఒక గోడంత బోర్డు మీద రాయించారు. ఆ బోర్డులో 'మించి'కీ 'పోరాదు'కీ మధ్య మనిషి తల పట్టేంత జాగా ఉంది. దాని ముందు ఎత్తు బల్ల వేసి కామేశాన్ని కూర్చోబెట్టారు.

అతను కూర్చుంటే తల సరిగ్గా ఖాళీలో ఇమిడిపోయేది. చూసేవాళ్ళకు ఆ రెండు మాటలూ కలిసిపోయి 'మించిపోరాదు' అయ్యేది. అప్పుడు పరంధామయ్య త్రాసు తీసి బండ్ల బరువు చూసేవాడు. కామేశం లేచి టీకి వెళ్ళాడా, మధ్యలో మళ్ళీ ఆకాశం కనిపించేది. పరంధామయ్య త్రాసు పక్కన పెట్టి కెమెరా అందుకునేవాడు. ఒకసారి కామేశం తుమ్మి కిందికి వంగాడు. ఆ ఒక్క క్షణంలో నలుగురు నేరస్థులయ్యారు.

మునేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. కామేశం పొద్దున పదికి కూర్చుని ఒంటిగంటకు భోజనానికి లేస్తాడు. ఆ మధ్యలో చెక్‌పోస్టు దాటితే చాలు, దారిలో మిగతా వాళ్ళందరూ పెద్ద చెక్‌పోస్టు చీటీ చూసి వదిలేస్తున్నారు. ఆమె సంచుల లెక్క తగ్గించి బరువు పదహారు లోపు ఉంచుకుంది. ఆ రోజు ఎక్కించింది సీజనులోకెల్లా మంచి సీడు. రాజుగారు స్వయంగా గేటు దాకా వచ్చాడు.

"వస్తున్నానండి" అంది మునేశ్వరి.

దారిలో టైరు పంక్చరైంది. మార్చుకుని, చెమట తుడుచుకుని చెక్‌పోస్టు చేరేసరికి ఒంటిగంట దాటింది. బోర్డు వైపు చూసింది. 'మించి'. ఆకాశం. ఎగురుతున్న ఒక కాకి. 'పోరాదు'.

"కామేశంగారేరండీ?"

"భోజనానికెళ్ళారు. ఇవాళ పప్పుచారు. మళ్ళీ కునుకు తీసి గానీ రారు" అన్నాడు పరంధామయ్య, కెమెరా తుడుస్తూ.

"సార్, ఓ పావుగంట మీరు కూర్చోండి సార్ ఆ బల్ల మీద! మీ తలా సరిపోద్ది!"

పరంధామయ్య గాయపడినట్టు చూశాడు. "నా తలను ఆ పోస్టులో ఎలా పెడతానమ్మా? క్యాడర్ వేరు."

అతను కొత్తగా వచ్చిన రిజిస్టరు తెరిచాడు. సంజాయిషీలు ఎక్కువైపోయి కోర్టులో గొడవలౌతున్నాయని, డ్రైవరు చెప్పిన మాటను అక్షరం మార్చకుండా రాసుకోవాలని పైనుంచి ఆదేశం. పెన్ను తీసి, కళ్ళజోడు సర్దుకుని, అలవాటైన ప్రశ్న అడిగాడు.

"ఎక్కడికి పోతున్నావ్? ఎంత వేగంతో పోతున్నావ్?"

మునేశ్వరికి అప్పటిదాకా పట్టిన ఓపిక తెగిపోయింది. వెనక సంచుల్లో ఐసు కరిగిపోతోంది. ఈ మనిషి మొదటి రోజు నుంచీ ఆమె బండి ముందు నిలబడి ఆ పాడు మాటే అంటున్నాడు.

"పోతున్నావ్ పోతున్నావ్ అని నా పిల్లల్ని చంపేస్తున్నారు గదండీ! ఎన్నిసార్లు చెప్పాను మీకు? నేను పోవట్లేదు! పోను! వస్తున్నా! ఇక్కడికీ వస్తూనే ఉన్నా, చినగొల్లలంక కూడా వస్తున్నా! రాసుకోండి!"

పరంధామయ్య రాసుకున్నాడు. అక్షరం మార్చకుండా. 'నేను పోవట్లేదు. పోను. వస్తున్నా.' కింద తేదీ వేసి, సంతకం పెట్టబోతూ ఆగిపోయాడు. రిజిస్టరు చదివాడు. బోర్డు చదివాడు. మళ్ళీ రిజిస్టరు చదివాడు.  ముప్పై ఏళ్ళ సర్వీసులో చట్టం ఎప్పుడూ అతన్ని ఇలా నడిరోడ్డు మీద వదిలేయలేదు.

ఫోను తీశాడు. "సార్, ఇక్కడొక గువ్వ పదహారు. యాభైలో వచ్చిందండి. కానీ పోవట్లేదటండి... అవునండి... వస్తోందటండి. వాంగ్మూలం కూడా రాశానండి."

అవతల ఉన్నది విశ్వపతిగారు. ఫోనులోంచి ఉత్తర్వు కాగితం రెపరెపలాడిన చప్పుడు వినిపించింది.

"ఉత్తర్వులో రారాదు అని ఉందా?"

"లేదండి. పోరాదు అనే ఉందండి."

"మరి పరంధామయ్యా, వస్తున్న వాహనాన్ని ఆపే అధికారం నీకెవరిచ్చారు?"

మునేశ్వరి మిగతా మాటలు వినలేదు. యాభైలో వచ్చింది. యాభై ఐదులో వచ్చింది. ప్రతి చెక్‌పోస్టులో కిటికీలోంచి తల బయటికి పెట్టి "వస్తున్నా!" అని అరిచింది. ఎడ్లబండ్ల పక్కనుంచి, నోటీసు అందుకున్న డ్రైవరు వణుకుతూ తోలుతున్న ఒక ఏనుగు బండి పక్కనుంచి వచ్చింది. చినగొల్లలంక గట్టు మీద రైతు సంచి విప్పి చేత్తో నీళ్ళు కదిపాడు. నీళ్ళలో సన్నటి మెరుపులు చెదిరి నాలుగు వైపులా పరుగెత్తాయి.

"ఉన్నాయి" అన్నాడు రైతు.

"ఉంటాయండి" అంది మునేశ్వరి, ఆ గట్టు మీదే చతికిలబడి.

నెల తిరిగేసరికి జిల్లాలో పోయేవాళ్ళెవరూ లేకుండా పోయారు. అందరూ వస్తున్నారు. అంబులెన్సులు వస్తున్నాయి, పెళ్ళివారు వస్తున్నారు, ఎడ్లు కూడా బద్ధకంగా లేచి వస్తున్నాయి. విశ్వపతిగారి నివేదికలో 'అంకెను మించి పోయిన వాహనాలు' అన్న చోట సున్నా పడింది. దేశంలో ఏ జిల్లా ఇంతవరకు సాధించని ఘనత అని ఆయనకు శాలువా కప్పారు. ఆ సభకు డీలక్స్ ఎనభైలో ఆయన కూడా వచ్చారు. కామేశానికి పదోన్నతి ఇచ్చి, ఖాళీలో ఒక సహాయకుణ్ణి కూడా వేశారు. ఇప్పుడు బోర్డు మధ్య రెండు తలలుంటాయి. రాసింది ఎవరికీ కనిపించదు.

ఏనుగు బండివాడు హేచరీ గేటు దగ్గర నిలబడటం మానేశాడు. మునేశ్వరి సీజనంతా అదే రూటులో తిరిగింది. చివరి లోడు నాడు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపితే పరంధామయ్య చీటీ చింపి చేతికిచ్చాడు. కొన్నాళ్ళుగా అతనికి ఆమె మీద ఒకలాంటి గౌరవం ఏర్పడింది.

"సరేనమ్మా, జాగ్రత్తగా పో..."

మునేశ్వరి చూసింది. పరంధామయ్య గబుక్కున నాలుక కరుచుకున్నాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత బండి ముందునుంచి పక్కకు తప్పుకుని, చినగొల్లలంక వైపు చెయ్యి చాపాడు.

"రా అమ్మా, రా."

మునేశ్వరి గేరు మార్చి, అతన్ని దాటుకుంటూ యాభైలో వచ్చేసింది.